టెక్ సందేహాలు: ఫ్రిజ్ కొనే ముందు గంజు కొలవండి

ఎండలు ముదురుతున్నాయి. ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఫ్రిజ్‌ల గురించే కాబట్టి, ఫోన్ల సంగతి వచ్చే వారం చూద్దాం.

ప్రశ్న: ఇంట్లో ఐదుగురం ఉంటాం. పాత సింగిల్ డోర్ ఫ్రిజ్ తీసేసి పెద్దది కొనాలి. బడ్జెట్ అరవై, డెబ్బై వేల మధ్య. ఈ ధరకే సైడ్ బై సైడ్ వస్తుంటే డబుల్ డోర్ ఎందుకు అంటున్నారు షాపువాళ్లు. పిల్లలకూ అదే నచ్చింది. కూరగాయల డబ్బా కోసం మాటిమాటికీ వంగడం మా అత్తమ్మకు కష్టమవుతోంది, ఆమెకు మోకాళ్ల నొప్పులు. ఏది తీసుకోమంటారు? – ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీ ఇంటికి సైడ్ బై సైడ్ వద్దు. ఫ్రీజర్ కింద ఉండే మోడల్ తీసుకోండి. షాపులో బాటమ్ ఫ్రీజర్ అని అడిగితే చూపిస్తారు. ఎందుకో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది మీ ఒక్కరి ప్రశ్న కాదు.

ఫ్రిజ్ కొనేటప్పుడు అందరం ముందు లీటర్లు చూస్తాం. ఐదు వందలకు పైగా లీటర్లంటే ఎంతో పెద్దదనిపిస్తుంది. కానీ సైడ్ బై సైడ్‌లో ఆ చోటును పైనుంచి కింది దాకా నిలువుగా రెండుగా చీలుస్తారు. బయటి వెడల్పు సుమారు 90 సెంటీమీటర్లు ఉన్నా, గోడల మందం, మధ్య గోడ పోగా ఫ్రీజర్ వైపు లోపలి వెడల్పు అడుగున్నర కూడా రాదు. రెండో వైపు కూడా చాలా మోడళ్లలో అంతకంటే పెద్దగా ఎక్కువేమీ ఉండదు. 60 సెంటీమీటర్ల మామూలు డబుల్ డోర్‌లోనే ఒక్కో అర (షెల్ఫ్) వెడల్పు ఇంతకంటే బాగుంటుంది. పైగా సైడ్ బై సైడ్ మొత్తం చోటులో మూడో వంతు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే ఫ్రీజర్‌కు పోతుంది. మన ఇళ్లలో ఫ్రీజర్‌లో ఏముంటుంది? ఐస్ ముక్కలు, ఆదివారం మిగిలిన మటన్, పిల్లల ఐస్‌క్రీమ్, ఒక బఠానీ ప్యాకెట్. వారానికోసారి వండి, చిన్న డబ్బాల్లో గడ్డకట్టించి దాచుకునే ఇళ్లకు అంత ఫ్రీజర్ పనికొస్తుంది. మనం వండిన గంజు వండినట్టే లోపల పెడతాం. దోశ పిండి గిన్నె, పప్పు బగోనె, పెరుగు గిన్నె, నాలుగు కట్టల ఆకుకూర, సగం కోసిన పుచ్చకాయ, వీటన్నింటికీ కావలసింది వెడల్పాటి అర.

అందుకే నా సలహా ఒకటే. షాపుకు వెళ్లే ముందు మీ ఇంట్లో ఫ్రిజ్‌లోకి వెళ్లే గిన్నెల్లో అతి వెడల్పైనది, అతి ఎత్తైనది తీసి టేపుతో కొలవండి. పిడులతో కలిపి కొలవాలి. ఆ రెండు అంకెలు, టేపు పట్టుకుని వెళ్లండి. నచ్చిన ఫ్రిజ్ తలుపు తీసి అర వెడల్పు, రెండు అరల మధ్య ఎత్తు కొలవండి. ఆ కొలత సరిపోకపోతే అది ఎన్ని లీటర్లదైనా మీకు పనికిరాదు. గ్రాస్ కెపాసిటీ, నెట్ కెపాసిటీ అని రెండు అంకెలుంటాయి. వస్తువులు పెట్టుకోవడానికి నిజంగా మిగిలే చోటు నెట్. ఐదుగురికి నెట్ మూడు వందల లీటర్ల పైచిలుకు ఉంటే చాలు.

ఇక బాటమ్ ఫ్రీజర్ ఎందుకంటే, రోజుకు ఇరవై, ముప్పై సార్లు తెరిచేది ఫ్రిజ్ తలుపు. ఫ్రీజర్ తెరిచేది రెండు మూడు సార్లే. మామూలు డబుల్ డోర్‌లో ఆ అరుదుగా తెరిచేది కంటి ఎత్తున ఉంటుంది, రోజూ కావలసిన కూరగాయల డబ్బా నేలకు ఆనుకుని ఉంటుంది. బాటమ్ ఫ్రీజర్‌లో కూరగాయల డబ్బా దాదాపు నడుము ఎత్తుకు వస్తుంది. అత్తమ్మ నిలబడే టమాటాలు తీసుకోవచ్చు. ఐస్ కోసం వంగడం పిల్లలకు కష్టమేమీ కాదు. అన్నే లీటర్ల డబుల్ డోర్‌తో పోలిస్తే ధర కాస్త ఎక్కువ, మోడళ్లు తక్కువ. అయినా ఇంట్లో పెద్దవాళ్లు వంట చేస్తుంటే ఆ తేడా పెట్టదగ్గదే.

మరో మాట. వీటన్నింటిలో ఫ్యాన్ చల్లగాలిని తిప్పుతుంది, కాబట్టి మూత లేకుండా పెట్టినవి ఎండిపోతాయి. బతుకమ్మ రోజుల్లో ముందు రోజే తెచ్చిన బంతి, చామంతి పూలను ఆ గాలి వచ్చే రంధ్రాల దగ్గర పెట్టకండి, రేకులు నల్లబడతాయి. తడి గుడ్డలో చుట్టి కూరగాయల డబ్బాలో పెడితే తెల్లారేసరికి తాజాగా ఉంటాయి. ఆ రంధ్రాలకు గంజు అడ్డం పెట్టినా మిగతా అరలకు చల్లదనం అందదు.

ప్రశ్న: ఇల్లు కట్టుకుంటున్నాం. వంటగదిలో ఫ్రిజ్‌కు ఎంత చోటు వదలాలని మేస్త్రీ అడుగుతున్నాడు. ఆగ్నేయంలో స్టవ్, దాని పక్కనే ఫ్రిజ్ అనుకున్నాం. – ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: ఈ ప్రశ్న గ్రానైట్ వేయకముందే అడిగారు, చాలా మంచిదైంది. వేశాక అడిగేవాళ్లే ఎక్కువ.

స్టవ్ ఆగ్నేయంలోనే ఉండనివ్వండి, ఫ్రిజ్‌ను మాత్రం దాని పక్కన పెట్టకండి. కనీసం రెండు అడుగుల దూరమైనా ఉండాలి, అవతలి గోడకైతే మరీ మంచిది. పడమటి ఎండ నేరుగా పడే కిటికీ దగ్గరా వద్దు. ఫ్రిజ్ చేసే పని లోపలి వేడిని తీసి బయట వదలడమే. ఇప్పటి మోడళ్లలో ఆ వేడిని వదిలే గొట్టాలు చాలావాటికి పక్క గోడల లోపలే ఉంటాయి. కొత్త ఫ్రిజ్ పక్కలు వేడిగా ఉన్నాయని కొందరు టెన్షన్ పడి రాస్తుంటారు. అది లోపం కాదు, అక్కడినుంచే వేడి బయటికి పోవాలి. అందుకే రెండు పక్కలా, వెనక, పైన ఖాళీ ఉండాలి. ఎంత అనేది మోడల్ మాన్యువల్‌లో ఉంటుంది. ఇంకా మోడల్ అనుకోలేదు కాబట్టి పక్కలకు రెండేసి అంగుళాలు, వెనక నాలుగు, పైన అర అడుగు అనుకుని కట్టండి.

వెడల్పు రెండున్నర అడుగులు వదిలితే మూడు వందల లీటర్ల డబుల్ డోర్ హాయిగా పడుతుంది. ఇల్లు ముప్పై ఏళ్లు ఉంటుంది, ఫ్రిజ్ పది, పన్నెండేళ్లకు మారుతుంది. చోటుంటే మూడున్నర అడుగులు వదలండి, రేపు ఏది కొన్నా పడుతుంది. సజ్జ ఆరున్నర అడుగుల పైనే రావాలి. వంటగట్టు రెండు అడుగుల లోతే ఉంటుంది కాబట్టి ఫ్రిజ్ దానికంటే కాస్త ముందుకొస్తుంది, దాన్ని గోడలోకి నొక్కేద్దామని చూడకండి.

చాలామంది మరిచిపోయేది తలుపు. మన దగ్గర అమ్మే సింగిల్, డబుల్ డోర్ ఫ్రిజ్‌లలో ఎక్కువ వాటికి బందులు కుడి వైపు ఉంటాయి. కుడి పక్కనే గోడ వస్తే తలుపు పూర్తిగా తెరుచుకోదు. సగం తెరిచిన తలుపులోంచి పాలగిన్నె తీయొచ్చు గానీ, కూరగాయల డబ్బా బయటికి లాగలేరు, కడగడానికి రాదు. కుడి వైపు గోడ తప్పదనుకుంటే మధ్యలో అర అడుగైనా వదలండి. ముందు మూడు అడుగుల నడవ ఉండాలి. వంటగది బాగా ఇరుకైతే సైడ్ బై సైడ్‌కు ఒక్క లాభముంది, తలుపులు చిన్నవి కాబట్టి తెరవడానికి తక్కువ చోటు చాలు.

ప్లగ్ ఫ్రిజ్ వెనక పెట్టించకండి. స్విచ్ చేతికందేలా పక్కన ఉండాలి, ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించాలి. వంటగది గుమ్మం రెండున్నర అడుగులే అయితే పెద్ద ఫ్రిజ్‌ల తలుపులు ఊడదీసి లోపలికి తేవాల్సి వస్తుంది. ఆ బాధ ఎందుకు, మూడు అడుగులు పెట్టించండి. లేదంటే హాల్లో డైనింగ్ టేబుల్ పక్కన పెట్టుకోండి, అందులో చిన్నతనమేమీ లేదు.

ప్రశ్న: మాకు గృహజ్యోతి వస్తోంది. పెద్ద ఫ్రిజ్ కొంటే జీరో బిల్లు పోతుందా? ఫైవ్ స్టార్ తీసుకుంటే సరిపోతుందా? మే నెలలో మా పాత ఫ్రిజ్ అసలు చల్లబడదు. – ఒక పాఠకురాలు, గోదావరిఖని

జవాబు: మీరు భయపడాల్సింది 200 యూనిట్ల గీతకే. 2024 మార్చి నుంచి తెలంగాణలో అమల్లో ఉన్న ఈ పథకంలో నెలకు 200 యూనిట్ల లోపు వాడితేనే జీరో బిల్లు. దాటితే దాటిన యూనిట్లకే కాదు, మొత్తానికి కట్టాలి. అందుకని స్టార్ల కంటే ముందు లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లని రాసిన అంకె చూడండి. 240 అని ఉంటే నెలకు 20 అన్నమాట. అది ల్యాబ్‌లో లెక్కకట్టిన అంకె. ఇంట్లో తలుపులు తీస్తూ వేస్తూ ఉంటాం, వేసవిలో వేడి ఎక్కువ, కాబట్టి నెలకు ఇంకో ఐదారు యూనిట్లు కలుపుకోండి. పోయిన ఏడాది మే, జూన్ బిల్లుల్లో యూనిట్లు చూసి, పాత ఫ్రిజ్ ఎంత తినేదో తీసేసి, ఇది కలిపితే లెక్క తేలుతుంది.

స్టార్లు మోసం కావు గానీ, ఆ సైజులో, ఆ రకంలో ఎంత మేలైనదో మాత్రమే చెబుతాయి. పెద్ద ఫ్రిజ్ మీది నాలుగు స్టార్లు చిన్న ఫ్రిజ్ మీది రెండు స్టార్ల కంటే ఎక్కువ కరెంటు తినొచ్చు. కొన్నేళ్లకోసారి లెక్క కఠినం చేస్తుంటారు కాబట్టి, పాత స్టాకు ఫైవ్ స్టార్, కొత్త ఫైవ్ స్టార్ ఒకటి కావు. లేబుల్ మీద అది ఏ కాలానిదో రాసి ఉంటుంది.

ఎండలు మండే మీ రామగుండం ప్రాంతానికి ఇంకో మాట ముఖ్యం. ఫ్రిజ్ లోపల గానీ వెనక గానీ అంటించిన స్టిక్కర్ మీద క్లైమేట్ క్లాస్ అని ఉంటుంది. ఎన్ అంటే గది వేడి 32 డిగ్రీల దాకా, ఎస్‌టీ అంటే 38 దాకా, టీ అంటే 43 దాకా పనిచేసేలా తయారైందని అర్థం. మీరు టీ ఉన్నదే తీసుకోండి. పాతదాన్ని పారేసే ముందు తలుపు రబ్బరు చూడండి. కాగితం పెట్టి తలుపు వేసి లాగితే ఊరికే జారి వచ్చిందంటే రబ్బరు పోయినట్టే. అది మార్చినా చాలు కావచ్చు. రెగ్యులేటర్ మీది అంకెలు డిగ్రీలు కావు, చాలా ఫ్రిజ్‌లలో అంకె పెరిగితే చల్లదనం పెరుగుతుంది. వేసవిలో ఒకటి మీద పెట్టి చల్లబడట్లేదని అనుకునేవాళ్లు చాలామంది.

ప్రశ్న: కన్వర్టిబుల్, వైఫై ఉన్న ఫ్రిజ్ అవసరమా? – ఒక పాఠకుడు, నిర్మల్

జవాబు: కన్వర్టిబుల్ పనికొస్తుంది. పెళ్లి, పండగ వచ్చినప్పుడు ఫ్రీజర్‌ను మామూలు ఫ్రిజ్‌గా మార్చుకోవచ్చు. మార్చే ముందు అందులో మాంసం లేకుండా చూసుకోండి. వైఫైకి అదనంగా డబ్బు పెట్టొద్దు. అదే డబ్బుతో తక్కువ యూనిట్లు తినే మోడల్ వస్తుంది.

ప్రశ్న: ఊళ్లో అమ్మ ఒక్కతే ఉంటుంది. ఇంట్లో ఇన్వర్టర్ లేదు. కరెంటు అప్పుడప్పుడు పోతుంది, ఓల్టేజీ కూడా నిలకడగా ఉండదు. డబుల్ డోర్ కొనిస్తే నామోషీ లేకుండా ఉంటుందని అన్నయ్య అంటున్నాడు. – ఒక పాఠకురాలు, పరకాల

జవాబు: అన్నయ్యకు నచ్చజెప్పండి. అమ్మకు 180, 200 లీటర్ల సింగిల్ డోర్ చక్కగా సరిపోతుంది. ఇందులో గాలి తిప్పే ఫ్యాన్ ఉండదు కాబట్టి ఆకుకూరలు తొందరగా వాడవు. రిపేరు కూడా తేలిక, పరకాలలోనే మెకానిక్ దొరుకుతాడు. కింద డ్రాయర్ ఉన్న మోడల్ తీసుకుంటే ఫ్రిజ్ కాస్త ఎత్తుకు వస్తుంది, వంగడం తగ్గుతుంది. ఆ డ్రాయర్‌కు చల్లదనం ఉండదు, ఉల్లిగడ్డలు పెట్టుకోవచ్చు.

కంప్రెసర్ ఇన్వర్టర్ రకం (కరెంటు పోతే వాడే ఇన్వర్టర్ కాదు, అవసరాన్ని బట్టి వేగం మార్చుకునే మోటారు) అయితే తక్కువ ఓల్టేజీని కొంత తట్టుకుంటుంది. ఎంత వరకో బ్రోచర్‌లో రాస్తారు. సాయంత్రం లైట్లు బాగా డిమ్ అయ్యే ఇల్లయితే స్టెబిలైజర్ కూడా పెట్టించండి. కరెంటు పోయినప్పుడు తలుపు తీయకుండా ఉంటే నాలుగు గంటల దాకా లోపలివి చెడవు అన్నది మామూలు లెక్క. మన ఎండలకు ఇంకాస్త తక్కువే అనుకోవాలి. ఈ ఫ్రిజ్‌లలో ఫ్రీజర్ కూడా అదే తలుపు వెనక ఉంటుంది కాబట్టి మాంసం నాలుగు రోజులు దాచొద్దని అమ్మకు చెప్పండి.

ఐస్ మాత్రం పేరుకుంటుంది. అర సెంటీమీటరు మందం కాగానే డీఫ్రాస్ట్ బటన్ నొక్కి రాత్రంతా వదిలేయాలి. కత్తితో, చెంచాతో గీకడం అస్సలు వద్దు. ఆ ఐస్ వెనకే గ్యాస్ గొట్టాలుంటాయి. గీత పడి గొట్టం పగిలితే గ్యాస్ అంతా పోతుంది, రిపేరుకు వేలల్లో ఖర్చు. ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావాటిలో వాడే ఆర్600ఏ గ్యాస్‌కు మండే గుణం కూడా ఉంది. కరిగిన నీళ్లు దిగే ట్రే చాలా మోడళ్లలో వెనక వైపు కింద ఉంటుంది. మీరు ఊరికి వెళ్లినప్పుడల్లా దాన్ని తీసి ఒలకబోసి కడగండి, వానాకాలంలో దోమలు అందులోనే గుడ్లు పెడతాయి.