మంచం కింద నుంచి బయటకు రాని వీధికుక్కను దత్తతకు ఎలా సిద్ధం చేయాలి?

మీరు రాసినదాన్ని బట్టి విషయం ఇది. మీ గల్లీలో పుట్టి పెరిగిన రెండేళ్ల ఆడకుక్కకు బండి తగిలి కాలు దెబ్బతింది. వైద్యం చేయించి ఇంట్లో ఉంచుకున్నారు. కాలు నయమైంది కానీ అది మంచం కింద నుంచి బయటకు రావడం లేదు. చెయ్యి చాపితే గుర్రుమంటుంది, ఇంట్లో అందరూ పడుకున్నాకే తింటుంది. ఇలాంటి కుక్కను ఎవరికైనా దత్తత ఇవ్వగలమా అని అడిగారు.

ఇవ్వగలరు. హైదరాబాద్ పద్మారావునగర్‌లోని మా ఇంట్లో కొన్నేళ్లుగా ఇలాంటి కుక్కలను మంచి ఇల్లు దొరికేదాకా ఉంచుకుంటున్నాను. ఒక్కో దాని భయం ఒక్కో రకం. అయినా అన్నిటి దగ్గరా పనిచేసిన సూత్రం ఒక్కటే: మనిషికీ తనకూ మధ్య ఎంత దూరం ఉండాలో కుక్కనే నిర్ణయించుకోనివ్వాలి. కింద చెప్పేదంతా దాని చుట్టూ తిరుగుతుంది.

ముందు ఒంటి సంగతి చూడండి. నొప్పితో ఉన్న కుక్క భయపడుతున్నట్టే కనిపిస్తుంది. కాలు పైకి నయమైనట్టున్నా లోపల సలుపుతూ ఉండవచ్చు. మన ఊళ్లో పిడుదుల బెడద ఎక్కువ, వాటివల్ల వచ్చే జ్వరం కుక్కను నీరసపరిచి మూలకు చేరుస్తుంది. అందుకని రక్తపరీక్ష తప్పకుండా చేయించండి. నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాలకు వెళ్లినా, మీ దగ్గరి డాక్టరును ఇంటికి పిలిపించినా సరే. చెవి కొసన గాటు ఉంటే స్టెరిలైజేషన్ అయిపోయినట్టు. లేకపోతే దత్తతకు ముందే చేయించాలి. రేబీస్ టీకా, నట్టల మందు కూడా అప్పుడే. తిండి మానేసేంత, ఒళ్లంతా వణికేంత భయం ఉంటే ఆందోళన తగ్గించే మందుల గురించి డాక్టరును అడగండి. ఫ్లూఆక్సెటిన్ లాంటివి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, వాటిని డాక్టరు చెప్పిన మోతాదులోనే ఇవ్వాలి. మందు వాడటం కుక్కను మత్తులో ఉంచడమేనని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. భయం నిండిన బుర్రలోకి కొత్త పాఠం ఎక్కదు, మందు ఆ పాఠానికి కాస్త చోటు చేస్తుంది.

మీ జాగ్రత్త కూడా చెప్పాలి. పన్ను గీసుకున్నా, చిన్న గాటు పడినా పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. నారాయణగూడలోని ప్రభుత్వ సంస్థ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో టీకాలు వేస్తారు. ‘దానికి టీకా వేయించాం కదా’ అని ఊరుకోవద్దు. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ కుక్క ఉన్న గదిలోకి వాళ్లను ఒంటరిగా పంపకండి. గుర్రుమన్నప్పుడు మాత్రం ఎవరూ తిట్టకూడదు, కొట్టకూడదు. గుర్రుమనడం హెచ్చరిక. హెచ్చరించినందుకు దెబ్బ తిన్న కుక్క, ఈసారి హెచ్చరించకుండానే కరుస్తుంది.

ఇక అసలు పని. మంచం కింది చోటును దాని నుంచి లాక్కోవద్దు, దానికంటే మంచి చోటు చూపించండి. గది మూలలో బల్ల కిందో, తలుపు తీసి ఉంచిన పెద్ద బోనులోనో పాత దుప్పటి పరిచి, పైన చీర కప్పి, దగ్గర్లో నీళ్లు పెట్టండి. అందులో ఉన్నంతసేపు దాని జోలికి ఎవరూ వెళ్లకూడదు. ఊడ్చడానికైనా, మందు వేయడానికైనా అక్కడి నుంచి లాగకూడదు. తర్వాత మీరు రోజూ ఒకే వేళకు ఆ గదిలోకి వెళ్లి, అవతలి గోడకు ఆనుకుని, దానికి పక్కకు తిరిగి నేల మీద కూర్చోండి. పేపరు చదువుకోండి. దాని కళ్లలోకి చూడవద్దు, పేరు పెట్టి పిలవవద్దు. మీరు గదిలో ఉండగా అది తినడం మొదలుపెట్టేదాకా మీ పని అంతే.

తిండి ఎలా ఇవ్వాలన్న దగ్గరే చాలామంది పొరబడతారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. చేతిలో చికెన్ ముక్క పట్టుకుని ‘రా, రా’ అని పిలుస్తారు. ఆకలి కుక్కను ముందుకు లాగుతుంది, భయం వెనక్కి లాగుతుంది. మెడ సాచి ముక్క అందుకుంటుంది. ముక్క అయిపోగానే తాను మనిషికి ఎంత దగ్గరగా ఉందో దానికి తెలుస్తుంది. ఆ క్షణంలో బెదిరి పారిపోతుంది, లేదా కరుస్తుంది. దీనికి బదులు ముక్కను దాని వెనక్కి విసరండి. అది మీకు దూరంగా వెళ్లి తింటుంది, తిన్నాక తిరిగి చూస్తుంది. మళ్లీ దాని వెనక్కే విసరండి. దూరం వెళితే హాయి, తిరిగి రావడం తన ఇష్టం. దగ్గరకు రమ్మని అడిగేవాళ్లెవరూ లేనప్పుడు అదే ఒక్కో అడుగు ముందుకు వేస్తుంది. ఉడికించిన చికెన్, ఎముక లేకుండా, చిటికెనవేలి గోరంత ముక్కలు చాలు. చికెన్ లివర్‌కు మొండి కుక్కలు కూడా లొంగుతాయి. పూట భోజనానికి పెరుగన్నంలో గుడ్డో చికెనో కలిపి పెట్టండి. ఉల్లిపాయ పడ్డ కూర, ద్రాక్ష, చాక్లెట్, ఉడికిన ఎముకలు వద్దు.

అది ఒప్పుకుంటోందో లేదో ఒళ్లే చెబుతుంది. తిండి లేనప్పుడు మూతి నాక్కోవడం, నిద్ర రాకపోయినా ఆవులించడం, తల అటు తిప్పి కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూడటం, బరువంతా వెనక కాళ్ల మీద ఆన్చడం, తోక కాళ్ల మధ్యకు ముడుచుకోవడం. వీటిలో ఏది కనిపించినా మీరు అర అడుగు వెనక్కి జరగండి. అన్నిటికంటే మోసం చేసేది కదలకుండా ఉండిపోవడం. భయపడ్డ కుక్కను ఒళ్లో గట్టిగా పట్టుకుని నిమిరితే కాసేపటికి పెనుగులాట ఆపేస్తుంది. ‘చూశారా, అలవాటైపోయింది’ అంటారు. 1967లో మనస్తత్వ శాస్త్రవేత్తలు మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ చేసిన ప్రయోగాల్లో, తప్పించుకోలేని కరెంటు షాకులు తిన్న కుక్కల్లో చాలా భాగం, తర్వాత తప్పించుకునే దారి ఉన్నా ప్రయత్నించకుండా పడి ఉన్నాయి. ఆ ప్రయోగం చదివినప్పుడు నాకు కడుపులో దేవినట్టయింది. మనం ఒళ్లో బంధించిన కుక్క కూడా అలాగే ఆశ వదులుకుని ఉండవచ్చు.

తాకే రోజు వచ్చాక కూడా పద్ధతి అదే. తల మీద చెయ్యి వేయకండి. ఛాతీ పక్కనో గడ్డం కిందో రెండు మూడు సెకన్లు నిమిరి చెయ్యి తీసేయండి. తానే ఒరిగితే మళ్లీ నిమరండి, జరిగితే వదిలేయండి.

మా దగ్గరున్న చుక్క అనే కుక్కకు మనుషుల కంటే చీపురు భయం. ఎవరో దానితో కొట్టి ఉంటారు. చీపురును గదికి అవతలి మూలన పడుకోబెట్టి, అది చీపురును చూసిన తర్వాత చికెన్ వేసేదాన్ని. ఈ వరస ముఖ్యం. చీపురు ముందు, చికెన్ తర్వాత. తిరగేస్తే చికెన్ చూస్తేనే ‘ఇప్పుడు చీపురు వస్తుంది’ అని కుక్క భయపడటం నేర్చుకుంటుంది. చీపురును కొద్ది కొద్దిగా దగ్గరకు తెచ్చి, తర్వాత చేత్తో ఎత్తి, చివరికి నెమ్మదిగా ఊడ్చాం. కుక్కర్ విజిల్‌కు, హెల్మెట్ పెట్టుకున్న మనిషికి, లిఫ్టు తలుపుకు కూడా ఇదే వరస పనిచేస్తుంది.

బయటకు తీసుకెళ్లేటప్పుడు మెడ బెల్టుకు ఒక తాడు, హార్నెస్‌కు (ఛాతీ చుట్టూ కట్టే పట్టీకి) మరో తాడు, రెండూ చేతిలో ఉండాలి. బెదిరిన కుక్క వెనక్కి జరిగి తల వంచితే బెల్టు ఇట్టే ఊడిపోతుంది. తెల్లవారకముందు, పాలబండ్లు మొదలు కాకముందు వెళ్లండి. పక్క వీధి కుక్కల గుంపు ఎదురైతే వెనక్కి తిరగండి, ధైర్యం నేర్పడానికి అది సమయం కాదు.

ఒక మాట మీకు కష్టంగా అనిపించవచ్చు. ప్రతి వీధికుక్కకూ ఇల్లు కావాలని నేను అనుకోవడం లేదు. కుక్కపిల్లలు పుట్టిన 3వ వారం నుంచి సుమారు 14వ వారం దాకా ఎవరిని చూసి, ఏ చప్పుళ్లు విని పెరిగితే అవి వాటికి మామూలవుతాయి. ఆ వయసులో మనిషి చెయ్యి ఎరగని కుక్కకు నాలుగు గోడలు జైలుగా మిగిలిపోవచ్చు. తార్నాక నుంచి తెచ్చిన ఒక మగకుక్క మా ఇంట్లో రాత్రంతా తలుపు దగ్గరే నిలబడేది. దాని గల్లీకి తీసుకెళ్లగానే తోక పైకెత్తి టీ కొట్టు పక్కన పడుకుంది. స్టెరిలైజేషన్, టీకా చేయించి అక్కడే వదిలాం. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనలు కూడా అలా చేయించిన కుక్కను పట్టుకున్న చోటే వదలాలంటాయి. మీ కుక్క చిన్నపిల్లగా ఉన్నప్పుడు దానికి ఎవరు అన్నం పెట్టారో గల్లీలో అడగండి. మీ ఎదుట తింటోందా, కొత్త వస్తువును వాసన చూడటానికి వస్తోందా, కాళ్లు చాపి పక్కకు తిరిగి నిద్రపోతోందా చూడండి. వీటిలో ఒక్కటైనా వారం వారం మెరుగవుతుంటే ఇంటికి పనికొస్తుంది. ఏదీ మారకపోతే గల్లీకే తిరిగి పంపాలా అన్నది త్వరగా తేల్చుకోండి, ఎందుకంటే నెలల తరబడి దూరమైతే అక్కడి కుక్కల గుంపు దాన్ని పరాయిదిగా తరిమే ప్రమాదం ఉంది.

దత్తత దగ్గరికి వస్తే, ఫొటో కంటే వీడియో పెట్టండి, దాక్కునే దృశ్యాలతో సహా. ‘ముద్దుగా ఉంటుంది, అందరితో కలిసిపోతుంది’ అని రాస్తే వచ్చేవాళ్లు వేరు, ‘భయస్థురాలు, ఓపిక కావాలి’ అని రాస్తే వచ్చేవాళ్లు వేరు. మీకు కావలసింది రెండోవాళ్లే, ఇద్దరు ముగ్గురు వచ్చినా చాలు. 2025 ఆగస్టులో జలగం వెంగళరావు పార్కులో జీహెచ్‌ఎంసీ పెట్టినలాంటి దత్తత మేళాలు కుక్కపిల్లలకు బాగుంటాయి, ఈ కుక్కను ఆ జనంలోకి తీసుకెళ్లవద్దు. కోరుకున్నవాళ్లనే మీ ఇంటికి పలుమార్లు రమ్మనండి. మొదటిసారి తాకకుండా కూర్చుని ముక్కలు విసరడమే. దానికి కూడా ఓపిక లేనివాళ్లకు నేను కుక్కను ఇవ్వను. నెమ్మదైన పెద్ద కుక్క ఉన్న ఇల్లు దొరికితే అదృష్టం, ఆ కుక్కను చూసి ఇది సగం నేర్చుకుంటుంది. అపార్ట్‌మెంట్ సంఘం ఒప్పుకోదని వాళ్లు సందేహిస్తే, పెంపుడు కుక్కలను సంఘాలు నిషేధించకూడదని జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చిందని చెప్పండి.

బోనాలు, వినాయక నిమజ్జనం, దీపావళి రోజుల్లో పంపవద్దు. డప్పులు, టపాసులు అయ్యాక పంపండి. వెంట దాని దుప్పటిని ఉతకకుండా ఇవ్వండి, మెడ బెల్టుకు మీ ఫోను నంబరు, దత్తత తీసుకున్నవాళ్ల నంబరు రెండూ కట్టండి. మొదటి వారాల్లోనే ఇలాంటి కుక్కలు గేటు సందులోంచి పారిపోతాయి. పారిపోతే ఎవరూ వెంటపడకూడదని ముందే చెప్పి ఉంచండి. చివరగా కనబడ్డ చోట దుప్పటి, తిండి పెట్టి, మీకు ఫోను చేయమనండి. కుదరకపోతే కుక్క మీ దగ్గరికే తిరిగి రావాలని కాగితం మీద రాయించుకోండి.

ప్రస్తుతానికి గోడ పక్కన కూర్చోవడంతో మొదలుపెట్టండి. మీరు గదిలో ఉండగా తిన్నదా లేదా, ఎంత దూరంలో ఉంటే తిన్నదో కింద రాస్తే, తర్వాత ఏం చేయాలో చెబుతాను.