గ్రీన్ కార్డు వరుసలో ఉండగా కంపెనీ మారవచ్చునా?

ప్రశ్న: నేను బొబ్బిలిలో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయుడిని. మా అబ్బాయి హెచ్-1బి వీసాపై డల్లాస్‌లో పని చేస్తున్నాడు. వచ్చే వేసవికి ఆ వీసాకు ఉండే ఆరేళ్ల గడువు నిండుతుంది. గ్రీన్ కార్డు వరుసలో స్థానాన్ని తేల్చే ప్రయారిటీ డేట్ 2024 నాటిది, గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 దరఖాస్తు ఐదు నెలల క్రితం మంజూరైంది. ఇప్పుడు మరో కంపెనీ ఎక్కువ జీతానికి పిలుస్తోంది. వెళ్లిపోతే ఐ-140 వెనక్కి తీసుకుంటామనీ, గ్రీన్ కార్డుకు పెట్టిన ఖర్చంతా కట్టాలనీ ఇప్పటి యాజమాన్యం అంటోందట. దసరా తరువాత సిరిమాను సంబరానికి విజయనగరం రావాలని కూడా వాడి కోరిక. ఏం చేయమంటారు?

జవాబు: మాస్టారూ, మీ అబ్బాయి నిక్షేపంగా మారవచ్చు, కాని ఇంకొక నెల ఆగి మారమనండి. ఐ-140 మంజూరై 180 రోజులు నిండిన తరువాత యాజమాన్యం దానిని ఉపసంహరించుకున్నా, ఆ ఒక్క కారణంతో అది రద్దు కాదు. 2017 జనవరి నుంచి అమలులో ఉన్న నిబంధన ఇది. ఈ 180 రోజులను ప్రయారిటీ డేట్ నుంచి లెక్కపెట్టుకుని ధీమాగా ఉండేవారు మన పిల్లల్లో తక్కువేమీ కాదు. మంజూరు కాగితమైన ఐ-797 మీద ప్రయారిటీ డేట్, నోటీస్ డేట్ వేర్వేరు గళ్లలో ఉంటాయి. లెక్క మొదలయ్యేది మంజూరైన నాటి నుంచి, అంటే నోటీస్ డేట్ నుంచి.

నెల ముందే మారి, పాత యాజమాన్యం అన్నంత పనీ చేస్తే, 2024 నాటి ప్రయారిటీ డేట్ మాత్రం మోసం వంటి ఆరోపణ లేనంతవరకు అతనికే మిగులుతుంది. పోయేది అంతకంటె అవసరమైనది. ఆరేళ్లు దాటిన తరువాత హెచ్-1బిని మూడేళ్ల చొప్పున పొడిగించేందుకు ఆధారం చెల్లుబాటులో ఉన్న ఐ-140యే. అది రద్దయితే కొత్త కంపెనీ మళ్లీ లేబర్ సర్టిఫికేషన్ (ఆ పనికి అమెరికాలో తగినవారు దొరకలేదని అక్కడి కార్మిక శాఖ ఇచ్చే ధ్రువపత్రం) మొదలుపెట్టాలి. ఆ దరఖాస్తు దాఖలై 365 రోజులు గడిస్తే తప్ప ఏడాది పొడిగింపు కూడా దొరకదు. దాఖలుకు ముందు జీతం నిర్ధారణకూ, ప్రకటనలకూ కొన్ని నెలలు పడతాయి. వచ్చే వేసవిలోగా ఇవన్నీ జరిగే పని కాదు, అప్పుడు అతను అమెరికా విడిచి రావలసి ఉంటుంది. ఏటా ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఒక దేశం వారికి ఏడు శాతం పరిమితి ఉన్నందున, ఉద్యోగం ఆధారంగా ఇచ్చే ఈబీ-2, ఈబీ-3 వరుసల్లో మనవాళ్లు ఏళ్ల తరబడి ఈ పొడిగింపుల మీదనే బతుకుతున్నారు.

రాజీనామా ముందుగా ఇవ్వరాదు. కొత్త కంపెనీ హెచ్-1బి దరఖాస్తు దాఖలు చేయగానే అక్కడ చేరేందుకు చట్టం అనుమతిస్తుంది, అయినా అదనపు రుసుముతో త్వరగా తేల్చే ప్రీమియం ప్రాసెసింగ్‌లో పదిహేను పని దినాల్లో నిర్ణయం వస్తుంది కనుక మంజూరయ్యాకే పాత కంపెనీకి చెప్పడం క్షేమం. ఉద్యోగం పోయిన తరువాత ఉండే వెసులుబాటు గరిష్ఠంగా అరవై రోజులే. ఖర్చుల మాటకు బెదరవద్దు: లేబర్ సర్టిఫికేషన్‌కు అయిన లాయరు ఫీజును, ఇతర ఖర్చులను ఉద్యోగి నుంచి రాబట్టడం 2007 నుంచి నిషిద్ధం. అయితే చేరేటప్పుడు సంతకం పెట్టిన బాండు ఏదైనా ఉంటే, దానిని అక్కడి లాయరుకు ఒకసారి చూపించాలి.

సిరిమానుకు రావాలంటే కొత్త కంపెనీ వేసిన హెచ్-1బి దరఖాస్తు మంజూరయ్యాకే బయలుదేరమనండి. పాస్‌పోర్టులోని వీసా స్టాంపు మీద పాత కంపెనీ పేరున్నా, దాని గడువు తీరకపోతే కొత్త ఐ-797తో తిరిగి వెళ్లవచ్చు. గడువు తీరి ఉంటే అమెరికా కాన్సులేటులో వీసా స్టాంపింగ్ అపాయింట్‌మెంటు చేతిలో లేకుండా టికెట్ కొనవద్దు. పండక్కి వచ్చి ఇక్కడ చిక్కుపడినవారు ఉన్నారు.

ప్రశ్న: గ్రీన్ కార్డుకు చివరి మెట్టయిన ఐ-485 దరఖాస్తు మా అమ్మాయి పేరున దాఖలై ఏడు నెలలైంది. వేరే రాష్ట్రంలో టీమ్ లీడ్‌గా అవకాశం వచ్చింది. మారితే మొదటికి వస్తుందా? (ఒక తల్లి, పలాస)

జవాబు: రాదమ్మా. ఐ-485 దాఖలై 180 రోజులు దాటితే, అదే లేదా దానిని పోలిన పనిలోకి మారవచ్చునని 2000 నాటి చట్టం చెబుతోంది. రాష్ట్రం మారడం అడ్డు కాదు, అదే పనిలో పైమెట్టుకు వెళ్లడం కూడా సాధారణంగా అడ్డు కాదు. కొత్త ఉద్యోగాన్ని ధ్రువీకరిస్తూ కొత్త యాజమాన్యం సంతకం చేసిన సప్లిమెంట్-జె ఫారాన్ని దాఖలు చేయాలి. అందులో రాసే విధుల వివరణ పాత లేబర్ దరఖాస్తులోని విధులతో పొంతన కుదిరేలా ఉన్నదో లేదో లాయరు చేత చదివించుకున్న తరువాతనే ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టమనండి.