ముక్కుపుడక తియ్యనంటోంది, ఎమ్మారై తీయించేదెలా?

ప్రశ్న: మా అమ్మకి 68 ఏళ్ళు. నడుంనొప్పి కాలిలోకి లాగుతోందని చూపిస్తే శ్రీకాకుళంలో డాక్టరుగారు ఎమ్మారై రాశారు. పక్కింటావిడ ఏం చెప్పిందో ఏమో, "నన్ను గొట్టంలోకి తోసేసి కరెంటెట్టేస్తారట, నానెల్ను" అని కూర్చుంది. పుస్తెలు, ముక్కుపుడక తియ్యాలంటే అసలు ఒప్పుకోట్లేదు. ఎలా చెప్పాలండీ?
– ఓ కొడుకు, కంచిలి మండలం

జవాబు: బాబూ, అది పెద్ద అయస్కాంతం, ఎక్స్‌రేలో ఉండే రేడియేషన్ ఇందులో లేదు, ఇది నీకు తెలిస్తే చాలు. అమ్మకి మాత్రం అక్కడ తనకేమవుద్దో అది చెప్పు. బల్లమీద వెల్లకిలా పడుకోబెడతారు, బల్ల మెల్లగా గొట్టంలోకి వెళ్తుంది, గొట్టం రెండువైపులా తెరిచే ఉంటుంది, లోపల లైటుంటుంది, నొప్పుండదు గానీ చప్పుడు మాత్రం రైసుమిల్లు పక్కన పడుకున్నట్టే ఉంటుంది, అందుకే చెవుల్లోకి ఏదో ఒకటి ఇస్తారు, 20 నిమిషాల నుంచి 45 దాకా కదలకుండా ఉండాలి. చేతిలో రబ్బరు బుడ్డ పెడతారు, నొక్కితే ఆపేసి వస్తారు. ఈ బుడ్డ సంగతి రెండుసార్లు చెప్పు, పెద్దవాళ్ళకి గొట్టం కన్నా లోపల అరిస్తే ఎవరికీ వినపడదేమో అన్న భయమే ఎక్కువ. వెల్లకిలా పడుకుంటే నడుం లాగేస్తుందంటే మోకాళ్ళ కింద దిండు పెట్టమని అడుగు, పెడతారు.

ఇక బంగారం. బంగారాన్ని అయస్కాంతం లాగదు కదా అంటారు, నిజమే, కానీ ఒంటిమీద ఏ లోహమున్నా వేడెక్కొచ్చు, బొమ్మ పాడవ్వొచ్చు, కొక్కేనికీ స్క్రూకీ వేరే లోహం కలిసుంటే అదొకటి. పుస్తెలు తీసే ముందు మెడలో పసుపుకొమ్ము కట్టిన పసుపుతాడు వేసెయ్యండి, మన ఇళ్ళల్లో పుస్తెలు తీయాల్సొస్తే చేసేదే కదా, అప్పుడు అమ్మ కాదనదు. ఏళ్ళ తరబడి తియ్యని ముక్కుపుడక స్కానింగ్ సెంటర్లో రమ్మంటే రాదు, ముందురోజే కొబ్బరినూనె రాసి కంసాలి దగ్గరికి తీసుకెళ్ళు. మెట్టెలు, జాకెట్టు పిన్నీసు, తాయెత్తు, కట్టుడుపళ్ళు, ఇవన్నీ ఇంటిదగ్గరే చూసుకో. చేతిమీద పచ్చబొట్టుంటే టెక్నీషియన్‌కి చెప్పండి, వేడిగా అనిపిస్తే అమ్మ వెంటనే బుడ్డ నొక్కాలి. గుండెలో పేస్‌మేకర్, ఎముకలో రాడ్డు, ప్లేటు ఉంటే మాత్రం ఆ సంగతి ముందు డాక్టరుకే చెప్పాలి.

మీది కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం ప్రాంతం కాబట్టి ఇంకోటి. రంగుమందు ఎక్కించి తీస్తామంటే, అది సీటీ అయినా ఎమ్మారై అయినా, కిడ్నీ సంగతి ముందే చెప్పు, కిడ్నీ ఎలా పనిచేస్తుందో తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష రిపోర్టు చూపించు. మామూలు నడుం ఎమ్మారైకి చాలాసార్లు ఆ మందు అక్కర్లేదు.

ఇంకో తిరకాసుంది, చాలామంది పెద్దవాళ్ళు స్కాన్ అంటే వైద్యమే అనుకుంటారు, "అంత డబ్బు పోసి స్కానింగు తీయించినా నొప్పి తగ్గలేదు" అని నేనే ఎన్నిసార్లు విన్నానో! ఇది ఫోటో మాత్రమే, మందు ఆ తర్వాత అని ముందే చెప్పు. అంతా చెప్పాక "అర్థమైందా" అని అడక్కు, ఊఁ అనేస్తారు. "పిన్నికి ఫోన్‌లో చెప్పమ్మా, రేపేం చేస్తారో" అను. ఎక్కడ తప్పు చెప్తే అక్కడ మళ్ళీ చెప్పు.

ప్రశ్న: మా మావయ్యగారికి 74 ఏళ్ళు, దగ్గుకని ఆరునెలల్లో మూడు ఛాతీ ఎక్స్‌రేలు తీశారు. రేడియేషన్‌తో ప్రమాదమా?
– ఓ కోడలు, రాజాం

జవాబు: ఒక ఛాతీ ఎక్స్‌రేతో వచ్చేది సుమారు 0.1 మిల్లీసీవర్ట్ రేడియేషన్, అంటే మట్టి నుంచీ ఆకాశం నుంచీ మనందరికీ ఎలాగూ పదిరోజుల్లో తగిలేదంత. మూడు తీసినా కంగారక్కర్లేదమ్మా. సీటీ అయితే దీనికి ఎన్నో రెట్లు, అది మాత్రం ఎందుకని అడిగి తీయించుకోండి. పాత ఫిల్ములు పారెయ్యకుండా ప్రతిసారీ పట్టుకెళ్ళండి, పాతది పక్కన పెట్టి చూస్తే డాక్టరుకి తేడా తెలుస్తుంది, ఒక్కోసారి కొత్తది తియ్యాల్సిన పనే ఉండదు.