ఐక్లర్ ఇంటి వంటగది: ముందు నేల సంగతి చూడండి

కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో 1958 నాటి ఐక్లర్ ఇల్లు (జోసెఫ్ ఐక్లర్ అనే బిల్డర్ కట్టించిన ఇళ్లలో ఒకటి) కొన్నామని, సింకును గది మధ్యకు మార్చి, పాత అలమరాలు పీకేసి తెల్లగా మెరిసేవి పెట్టాలనుకుంటున్నామని, పోపు ఘాటు బయటికి పోయే దారి కావాలని రాశారు.

సింకును కదపవద్దు. ఈ ఇళ్లలో వేడినీటి గొట్టాలు కాంక్రీటు నేలలోనే ఉంటాయి; చలికాలంలో ఇంటికి వెచ్చదనం వాటిదే. డ్రైనేజీ కోసం తవ్వుతూ ఒక్కదానికి చిల్లు పెట్టినా గోల. మేము హీటింగ్ నడుస్తుండగా వేడిని రంగుల్లో చూపే థర్మల్ కెమెరాతో నేలను చూపించుకున్నాం. సరిగ్గా తవ్వాలనుకున్న చోటే ఎర్రటి చారలు పాముల్లా కనిపించాయి. మా సింకు ఇప్పటికీ కిటికీ కిందే ఉంది.

ఇక పోపు. ఈ ఇళ్లకు అటక లేదు, కింద నుంచి కనిపించే చెక్కే పైకప్పు. హుడ్ (పొయ్యి మీద పొగను లాగే చిమ్నీ) గొట్టం దాచే చోటుండదు కాబట్టి పొయ్యిని బయటి గోడకు ఆనించి, గొట్టాన్ని గోడలోంచే నేరుగా బయటికి తీయండి. తప్పనిసరై పైకి తీస్తే రెండు దూలాల మధ్య నుంచి తీయాలి. గాలిని వడగట్టి మళ్లీ గదిలోకే వదిలే హుడ్ మన ఎండుమిర్చి ముందు ఏ మూలకూ చాలదు.

అలమరాల పెట్టెలు గట్టిగా ఉంటే తలుపులు మాత్రం మార్చండి. గోడల చెక్క రంగుకు దగ్గరగా, నగిషీ లేకుండా, చదునుగా ఉంటే చాలు. ఆ తెల్లటి మెరుపు ఆ దూలాల కింద ఆసుపత్రిలా ఉంటుందని నా అభిప్రాయం.

అన్నట్టు, నేల మీద 9 అంగుళాల చదరపు పాత పలకలు బయటపడితే ముట్టుకోకండి. ముందు ఆస్బెస్టాస్ (ఊపిరితిత్తులకు హాని చేసే ఖనిజ నార) ఉందేమో పరీక్ష చేయించండి.