పెద్ద ఆసుపత్రిలో నర్సుగా చేరబోతున్న మా అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

అంత పెద్ద ఆసుపత్రిలో నీకు నర్సు ఉద్యోగం వచ్చిందనీ, వచ్చే నెల మొదటి తారీఖున చేరుతున్నావనీ నీ ఉత్తరంలో చదివి చాలా సంతోషించాను. ‘అక్కడ పని ఎలా ఉంటుంది పెద్దమ్మా, నేను నెగ్గుకురాగలనా?’ అని అడిగావు. ముప్ఫై ఒక్క సంవత్సరాలు అలాంటి ఆసుపత్రుల్లోనే, మొదట వార్డు నర్సుగానూ తర్వాత ఇన్‌ఛార్జ్ సిస్టర్‌గానూ పనిచేసినదాన్ని కాబట్టి, నాకు తెలిసినవి దాపరికం లేకుండా రాస్తున్నాను.

చిన్న ఆసుపత్రిలో రోగి ఎవరో అందరికీ తెలుసు. చేర్చుకున్న డాక్టరే చివరిదాకా చూస్తారు, మందులిచ్చే మనిషికి కూడా ఆ ముఖం గుర్తుంటుంది. పెద్ద ఆసుపత్రిలో గుండె ఒక విభాగం వారు చూస్తారు, మూత్రపిండాలు మరొకరు చూస్తారు, రక్తం ల్యాబ్‌కు వెళ్తుంది, ఆహారం సంగతి డైటీషియన్ చెబుతారు, మందులు ఫార్మసీ నుంచి వస్తాయి. అందరూ తమ పనిలో ఆరితేరినవారే, నేను ఎవరినీ తప్పుపట్టడం లేదు. అయితే వారిలో ఒక్కొక్కరూ ఆ మంచం దగ్గర నిలబడేది కొద్ది నిమిషాలే. ఆ మనిషి రాత్రి నిద్రపోయాడా, నిన్న తిన్నంత ఇవాళ తినగలిగాడా, మాట ఏమైనా తడబడుతోందా అన్నవన్నీ ఒకచోట చేర్చి చూసుకోగలిగేది, షిఫ్టులు మారుతూ ఇరవై నాలుగు గంటలూ ఆయన పక్కన ఉండే నర్సులం మాత్రమే. నీకు ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే.

నేను చేసిన ఒక తప్పు చెబుతాను. ఉద్యోగంలో చేరిన మూడో ఏట సర్జరీ వార్డులో రాత్రి డ్యూటీలో ఉన్నాను. పొట్ట ఆపరేషన్ జరిగి నాలుగు రోజులైన ఒక పెద్దాయనకు బీపీ, పల్స్, జ్వరం చూసి, శ్వాస మాత్రం లెక్కపెట్టకుండా చార్టులో పై గడుల్లో ఉన్నట్లే 18 అని రాసేశాను. అంతకుముందు రెండు షిఫ్టుల వాళ్లూ అదే రాశారు. నేను పక్క మంచం వైపు కదలబోతుండగా ఆయన భార్య, ‘సాయంత్రం నుంచి ఈయన మాట పూర్తి చేయకుండానే మధ్యలో ఆగిపోతున్నారమ్మా’ అన్నారు. నేను వెనక్కి వచ్చి, దుప్పటి కాస్త కిందికి జరిపి, గడియారం పట్టుకుని, ఆయన ఛాతీ వంకే చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టాను. 32 వచ్చింది. నమ్మలేక మళ్లీ లెక్కపెట్టాను, మళ్లీ అంతే. డ్యూటీ డాక్టర్ పరుగున వచ్చారు. లోపలి కుట్టు వదిలి ఇన్‌ఫెక్షన్ పొట్టంతా పాకుతోందని తేలి, తెల్లవారకముందే మళ్లీ ఆపరేషన్ చేశారు. ఆయన కోలుకుని తన కాళ్ల మీద నడిచి ఇంటికి వెళ్లారు. అయినా, నేను ఒకే గీతతో కొట్టివేసి, సమయం వేసి, సంతకం పెట్టిన ఆ 18 నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్లు కనిపిస్తుంది.

పెద్దవాళ్లు విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటారని నువ్వు చదువుకున్నావు. ఒంట్లో ఏదో చెడుతున్నప్పుడు బీపీ పడిపోవడానికి ఎంతో ముందే చాలాసార్లు ఈ అంకె పెరుగుతుంది. పైసా ఖర్చు లేని ఈ పరీక్షనే అందరూ వదిలేస్తారు. నువ్వు మాత్రం లెక్కపెట్టు. పక్కనున్న ఇంటివాళ్లు ‘ఎందుకో ఎప్పటిలా లేరు’ అంటే, మానిటర్ మీద అన్నీ సవ్యంగా కనిపిస్తున్నా సరే, ఆ మాటను తీసిపారేయకు. ఆ మనిషి మామూలుగా ఎలా ఉంటాడో వాళ్లకు తెలిసినంత మనకు తెలియదు.

ఇక షిఫ్టు మారేటప్పుడు ఇచ్చే హ్యాండోవర్, అంటే రోగుల సంగతులు చెప్పి తర్వాతి నర్సుకు అప్పగించడం. పెద్ద ఆసుపత్రిలో రోగికి జరిగే నష్టాలు ఎన్నో ఇలా చేతులు మారే చోటనే జరుగుతాయి. అందుకని నర్సింగ్ స్టేషన్‌లో కుర్చీలో కూర్చుని కాగితం చూసి చదివే హ్యాండోవర్‌తో తృప్తిపడకు. డ్యూటీ దిగే సిస్టర్‌ను మర్యాదగానే ‘ఒక్కసారి మంచాల దగ్గరికి వెళ్దాం అక్కా’ అని అడుగు. ఎక్కుతున్న డ్రిప్ సీసా మీద పేరు చూడు, పంపు మీద వేగం కేస్‌షీట్‌లో రాసిన దానితో సరిపోయిందో లేదో చూడు, క్యాన్యులా (నరంలో ఉంచే సన్నని గొట్టం) ఉన్న చోట వాపు ఉందేమో తడిమి చూడు, యూరిన్ బ్యాగులో ఎంత ఉందో చూడు, సొంతంగా కదలలేని వారిని పక్కకు తిప్పి వీపు, మడమలు చూడు. ఇందుకు మంచానికి రెండు నిమిషాలు పడుతుంది. ఇంటికి వెళ్లే తొందరలో ఉన్నవాళ్లు మొదట్లో విసుక్కుంటారు, ఆ విసుగును పట్టించుకోనవసరం లేదు. పది రోజులు గడిస్తే నువ్వు వస్తున్నావంటేనే అన్నీ సరిచూసి సిద్ధంగా ఉంచుతారు.

మందులు ఇచ్చేటప్పుడు సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం అన్న అయిదూ నీకు కంఠతా వచ్చు. అక్కడ బార్‌కోడ్ స్కానర్ కూడా ఇస్తారు. అది మంచి సాధనమే, కానీ రోగి ఎవరన్నది స్కానర్‌కు తెలిసేది చేతి పట్టీని బట్టి మాత్రమే, ఆ పట్టీని కట్టింది మనలాంటి మనిషే. ‘మీరు ఫలానా వారేనా?’ అని అడిగితే నిద్రమత్తులో ఉన్నవారు దేనికైనా తల ఊపుతారు కాబట్టి, ‘మీ పేరు, పుట్టిన తేదీ చెప్పండి’ అని అడిగి వారి నోటితోనే చెప్పించు. ఇన్సులిన్, హెపారిన్, పొటాషియం క్లోరైడ్ వంటి, మోతాదు తప్పితే ప్రాణం మీదికి వచ్చే మందులు ఇవ్వాల్సి వస్తే ఎంత పని ఒత్తిడిలో ఉన్నా రెండో నర్సుతో విడిగా సరిచూపించుకో. చేత్తో రాయాల్సి వచ్చినప్పుడు ఇన్సులిన్ మోతాదు పక్కన ‘యు’ అన్న ఒంటి ఇంగ్లిష్ అక్షరం వేయకుండా ‘యూనిట్లు’ అని పూర్తిగా రాయి. ఆ అక్షరాన్ని సున్నాగా చదివి పది రెట్లు ఎక్కించిన సందర్భాలు ఉన్నాయి. అలాగే 1.0 అని రాస్తే చుక్క కనిపించక 10 అవుతుంది, ఉత్త 1 చాలు.

డాక్టర్‌కు ఫోన్ చేయడానికి భయపడతావని నాకు తెలుసు, నేనూ భయపడ్డాను. రాత్రి రెండు గంటలకు పెద్ద డాక్టర్ గారిని నిద్రలేపాలంటే ఎవరికైనా జంకు ఉంటుంది. ఆ జంకు పోవాలంటే ధైర్యం కంటే సిద్ధంగా ఉండటమే ఎక్కువ ఉపయోగపడుతుంది. ఇప్పుడు ఏం జరుగుతోంది, ఈ రోగి వెనుకటి సంగతేమిటి, నా పరిశీలనలో ఏమనిపిస్తోంది, మీరు ఏం చేయాలని కోరుతున్నాను అన్న నాలుగు ముక్కలు ముందు కాగితం మీద రాసుకుని, కేస్‌షీట్ తెరిచి పెట్టుకుని, అప్పుడు ఫోన్ తీయి. అమెరికా నౌకాదళపు జలాంతర్గాముల్లో చెప్పే మాటలో పొరపాటు రాకుండా ఉండేందుకు పుట్టిన ఈ పద్ధతిని ఇప్పుడు ఎన్నో దేశాల ఆసుపత్రులు ఎస్‌బార్ (ఆ నాలుగు ముక్కల ఇంగ్లిష్ పేర్ల మొదటి అక్షరాలు) అన్న పేరుతో వాడుతున్నాయి. చివరి ముక్కను మింగేయకు. ‘బీపీ తగ్గింది సార్’ అని ఊరుకోకుండా ‘మీరు వచ్చి చూడాలి సార్’ అని స్పష్టంగా అను. ఆయన రాకపోతే పై వారికి చెప్పే వరుస ఏమిటో చేరిన మొదటి రోజే తెలుసుకుని, ఆ నంబర్లు దగ్గర పెట్టుకో.

పొరపాటు జరిగితే దాచకు. నేను పనిచేసిన ఒకచోట, తప్పు మందు ఇచ్చానని తనంతట తానే వచ్చి చెప్పిన ఒక అమ్మాయిని అందరి ముందు నిలబెట్టి మందలించారు. ఆ తర్వాత ఆరు నెలల పాటు ఆ వార్డు నుంచి ఒక్క ఇన్సిడెంట్ రిపోర్టూ వెళ్లలేదు. తప్పులు ఆగిపోయాయని యాజమాన్యం అనుకుంది. తప్పులు ఆగలేదు, చెప్పడం ఆగింది. నేను ఇన్‌ఛార్జ్ అయ్యాక, పొరపాటు చెప్పుకున్న వారిని ముందు కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చి, రోగి క్షేమం చూసుకుని, ఆ తర్వాతే ఎలా జరిగిందని అడిగేదాన్ని. నీకు అలాంటి ఇన్‌ఛార్జ్ దొరకాలని కోరుకుంటున్నాను; దొరకకపోయినా నువ్వు చెప్పడం మానకు. సూది గుచ్చుకుంటే కూడా అంతే, వెంటనే సబ్బుతో, నీళ్లతో కడిగి ఆ గంటలోనే చెప్పాలి, ఎందుకంటే హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల లోపే మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మేలు.

మనుషులు చాలకపోవడం గురించి కూడా నిజం చెప్పాలి. ఒక్కోరోజు నీకు మోయలేనంత మందిని అప్పగిస్తారు. సర్దుకుపోవడమే మంచి నర్సు లక్షణమని నీతో అనేవాళ్లుంటారు. అది నిజం కాదు. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో 168 ఆసుపత్రుల వివరాలతో 2002లో వెలువడిన ఒక అధ్యయనంలో, నర్సుకు అప్పగించే రోగుల సంఖ్య ఒక్కటి పెరిగినా, ఆపరేషన్ జరిగిన రోగులు 30 రోజుల లోపు మరణించే అవకాశం 7 శాతం పెరుగుతోందని తేలింది. కాబట్టి నువ్వు సాయం అడగడం ఓపిక లేక కాదు, రోగి ప్రాణం కోసం అడుగుతున్నావు. గొంతు పెంచకుండా, ‘నాకు ఇంతమంది ఉన్నారు, వీరిలో ఇద్దరి పరిస్థితి నిలకడగా లేదు, ఈ పనులు ఆలస్యమవుతాయి’ అని చెప్పి, అదే సంగతి సమయంతో సహా రాసిపెట్టు. తెలియని వార్డుకు ఆ పూటకు పంపితే వెళ్లు, కానీ వెళ్లగానే క్రాష్ కార్ట్ (అత్యవసర మందులు, పరికరాలు ఉండే బండి), ఆక్సిజన్, సక్షన్ (గొంతులో చేరిన స్రావాలను లాగే యంత్రం) ఎక్కడున్నాయో చూసుకుని, ఆ వార్డు పరికరాల్లో నీకు రానివి ఏవో ముందే చెప్పెయ్యి.

ఒంటి సంగతి రెండు మాటలు: రోగిని ఒక్కదానివే ఎత్తకు, రెండో మనిషి వచ్చేదాకా ఆగు, లేదా స్లైడ్ షీట్ (రోగిని జరపడానికి కింద వేసే నున్నటి గుడ్డ) వాడు, నా నడుము పోయింది ‘ఈ ఒక్కసారికి’ అనుకున్న రోజునే. రాత్రి డ్యూటీ దిగాక కళ్లు మూతలు పడుతుంటే బండి నడపకు.

ఎవరైనా నీ డ్యూటీలో చనిపోతారు, అది తప్పదు. అప్పుడు ఫారాలు ఒక అరగంట ఆలస్యమైనా ఫరవాలేదు. ముందు ముఖం తుడిచి, దుప్పటి సరిచేసి, కుటుంబానికి కుర్చీలు వేసి, తెర లాగు. ఆ గదిలో నువ్వు ఏం మాట్లాడావో వాళ్లకు గుర్తుండకపోవచ్చు, ఆ మనిషిని నీ చేతులు ఎలా ముట్టుకున్నాయో గుర్తుంటుంది.

ఈ ఉత్తరంతో పాటు ఒక చిన్న పెట్టె పంపుతున్నాను. అందులో యూనిఫాంకు పిన్నుతో తగిలించుకునే నా పాత గడియారం ఉంది. చేతికి పెట్టుకునేది వద్దు, మణికట్టు దాకా కడుక్కోవడానికి అడ్డం వస్తుంది. సెకన్ల ముల్లు సరిగ్గానే తిరుగుతోంది. బ్యాటరీ కొత్తది వేయించాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ