పొద్దున్నే వచ్చే మొదటి ఆర్డర్ ఎక్కడికి పోతోంది?

ప్రశ్న: మా ఆర్డర్ల సర్వీసు పైథాన్‌లో, మెసేజ్‌లు పంపే పికా లైబ్రరీతో రాశాం. కుబెర్నెటిస్ పాడ్లలో (ప్రోగ్రాములు నడిచే చిన్న పెట్టెల్లో) నడుస్తుంది, లోడ్ బ్యాలెన్సర్ (కనెక్షన్లను సర్వర్లకు పంచే మధ్యవర్తి) అవతల రాబిట్‌ఎంక్యూ (మెసేజ్‌లను క్యూలో ఉంచి అందించే సర్వర్). రాత్రంతా ఆర్డర్లుండవు. పొద్దున మొదటి ఆర్డర్ క్యూలో కనబడదు, లాగ్‌లో ఎర్రరూ ఉండదు. గొడవ చేస్తోందని హార్ట్‌బీట్‌ను (కనెక్షన్ బతికే ఉందని ఇరువైపులా పంపుకునే చిన్న సంకేతాన్ని) సున్నా చేశాం, అంటే ఆపేశాం. కారణమేమిటండీ?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: దొంగ మీ మాటలోనే దొరికాడండీ: హార్ట్‌బీట్‌ను సున్నా చేయడమే. ఉలుకూ పలుకూ లేని కనెక్షన్‌ను లోడ్ బ్యాలెన్సర్ మర్చిపోతుంది: మామూలు సెట్టింగులో మైక్రోసాఫ్ట్ క్లౌడ్ ఆజూర్‌లో 4 నిమిషాలకు, అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్ నెట్‌వర్క్ లోడ్ బ్యాలెన్సర్‌లో 350 సెకన్లకు. మీ పాడ్‌కి ఆ సంగతి తెలియదు. మెసేజ్ సాకెట్ బఫర్‌లో (పంపేముందు డేటా ఆగే చోట) పడగానే పనైపోయిందనుకుంటుంది. లినక్స్ కీప్‌అలైవ్ (కనెక్షన్ బతికుందా అని సిస్టమే చేసే వాకబు) ఆన్‌లో ఉన్నా, మామూలు సెట్టింగులో దాని తొలి పలకరింపు 7200 సెకన్ల తర్వాతే.

నేనూ ఈ గోతిలో పడ్డవాణ్ణే. మా కాల్‌బ్యాక్‌లో (మెసేజ్ రాగానే నడిచే ఫంక్షన్‌లో) పీడీఎఫ్ తయారీకి మూడు నిమిషాలు పట్టేది. అంతసేపూ హార్ట్‌బీట్ వెళ్లక సర్వర్ కనెక్షన్ తెంపేసేది. నేనూ సున్నా పెట్టి హాయిగా పడుకున్నా. రెండు రాత్రులే!

హార్ట్‌బీట్‌ను మళ్లీ 60 సెకన్లు చేయండి. బరువైన పని వేరే థ్రెడ్‌కి (ప్రోగ్రాంలో పక్కపక్కనే నడిచే మరో వరుసకి) అప్పగించండి. ఇంకో చిక్కుంది: పికాలోని బ్లాకింగ్ కనెక్షన్‌తో పబ్లిషర్ (మెసేజ్‌లు పంపే ప్రోగ్రాం) ఊరికే కూర్చుంటే పికా హార్ట్‌బీట్ పంపదు. ఆ కనెక్షన్ నడిచే థ్రెడ్‌లోనే 20 సెకన్లకోసారి పికా ఫంక్షన్ ప్రాసెస్_డేటా_ఈవెంట్స్‌ను పిలవాలి. కన్ఫర్మ్_డెలివరీ కూడా ఆన్ చేయండి, సర్వర్ అందుకున్నాననేదాకా పబ్లిష్ ముగియదు. ఎక్సెప్షన్ (ఎర్రర్) వస్తే కొత్త కనెక్షన్‌తో మళ్లీ పంపండి. అలా ఒకే ఆర్డర్ రెండుసార్లు రావచ్చు, ఆర్డర్ నంబర్ చూసి రెండోదాన్ని వదిలేయండి.