మూత తీస్తే సిగ్నల్ వచ్చింది, మూస్తే పోయింది

"సివిల్ ఇంజనీరింగ్ రెండో ఏడాది చదువుతున్నాను. మా కాలేజీలో అన్ని బ్రాంచీల వాళ్లతో శాటిలైట్ టీమ్ కడుతున్నారు. చేరితే నిజంగా ఏమైనా నేర్చుకుంటానా, లేక సర్టిఫికెట్ కోసమేనా? సివిల్ వాళ్లకు అక్కడ పనేముంటుంది?" అని అడిగారు.

చేరండి. నేను సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్). మూడో ఏడాదిలో ఇలాంటి టీమ్‌లోనే చేరాను. నాలుగేళ్ల బీటెక్‌లో నాకు బాగా ఒంటబట్టిన పాఠం ఏదైనా ఉందంటే, అది 2019 జనవరిలో ఒక చేను గట్టు మీద పది నిమిషాల్లో నేర్చుకున్నదే.

మేము చేసింది కాన్‌శాట్. కూల్‌డ్రింక్ టిన్ను అంత డబ్బాలో బ్యాటరీ, సెన్సార్లు, జీపీఎస్, రేడియో, పారాచూట్ అన్నీ కుక్కి పైనుంచి వదలాలి. అది దిగుతూ ఎత్తు, ఉష్ణోగ్రత, పీడనం సెకనుకోసారి కిందికి పంపాలి. మొత్తం 350 గ్రాములు దాటకూడదని మేము పాల్గొన్న పోటీ నిబంధన. కక్ష్యలోకి వెళ్లేది కాదు కాబట్టి చాలామంది దీన్ని ఆటవస్తువు కింద కొట్టిపారేస్తారు. అది తప్పు. పెద్ద ఉపగ్రహంలో వచ్చే తగాదాలన్నీ ఈ డబ్బాలోనూ వస్తాయి. ఒకరు బరువు తగ్గించమంటారు, ఒకరు పెద్ద బ్యాటరీ కావాలంటారు, వైరు దూర్చడానికి చోటెక్కడుందని ఇంకొకరు తల పట్టుకుంటారు.

మేము ఏడుగురం. ముగ్గురు ఈసీఈ (ఎలక్ట్రానిక్స్), ఇద్దరు మెకానికల్, ఒకరు ట్రిపుల్ఈ (ఎలక్ట్రికల్), నేను. మొదట్లో డబ్బాని త్రీడీ ప్రింటింగ్‌లో ప్లాస్టిక్‌తో చేశాం. కింద పడ్డప్పుడల్లా అంచులు పగిలేవి. దాంతో మెకానికల్ కుర్రాడు సంక్రాంతి సెలవులకు ఇంటికి కూడా వెళ్లకుండా కార్బన్ ఫైబర్ గుడ్డని రెసిన్‌తో పొరలు పొరలుగా అతికించి కొత్త డబ్బా తయారుచేశాడు. నల్లగా నిగనిగలాడుతూ, పాతదానికంటే దాదాపు సగం బరువే ఉంది. ఎక్కి నిలబడ్డా చెక్కుచెదరలేదు. ఆ వారంలోనే ఈసీఈ వాళ్లు రేడియో, యాంటెన్నా అన్నీ సరిచేసి, టేబుల్ మీద మూత తీసిపెట్టి రాత్రంతా నడిపి చూశారు. ఒక్క రీడింగ్ కూడా పోలేదు. అంటే ఎవరి పని వాళ్లు చక్కగానే చేశారు.

సెలవులైన వారానికి కాలేజీ వెనక చేల దగ్గరికి వెళ్లాం. వరి కోతలైపోయి మినుములు జానెడు ఎత్తున ఉన్నాయి. "గట్టు మీదే నిలబడండి బాబూ, చేను తొక్కితే ఊరుకోను" అని రైతు ముందే చెప్పాడు. పెళ్లిళ్లకు వీడియోలు తీసే ఒకాయన డ్రోన్ అడిగి తెచ్చుకున్నాం. దానికి మా డబ్బా కట్టి పైకి లేపాం. ల్యాప్‌టాప్ నా ఒళ్లో ఉంది. పది మీటర్లు, ఇరవై, ముప్పై. నలభై దాటేసరికి అంకెలు ఆగిపోయాయి. జీపీఎస్ గడిలో అయితే మొదటినుంచీ సున్నాలే. డబ్బా మాత్రం పారాచూట్‌తో నిదానంగా దిగి గట్టు పక్కనే వాలింది.

ఇక మొదలైంది గొడవ. "నీ కోడ్ హ్యాంగ్ అయిందిరా" అని నా మీద. "సోల్డరింగ్ ఊడి ఉంటుంది" అని నేను. "రాత్రంతా పనిచేసిందే, మీ కళ్లతో చూశారుగా" అని ఈసీఈ అమ్మాయి. బ్యాటరీ చూద్దామని మెకానికల్ కుర్రాడు మూత తీశాడు. వెంటనే నా స్క్రీన్ మీద అంకెలు జలజలా రాలాయి. మూత పెట్టి నాలుగు అడుగులు వేశాడు, తగ్గిపోయాయి. తీశాడు, వచ్చాయి. అలా మూడుసార్లు జరిగింది. ఎవరూ మాట్లాడలేదు.

"ఈ డబ్బా దేంతో చేశావ్?" అని ఆ అమ్మాయి అడిగింది.

"కార్బన్ ఫైబర్. చెప్పాను కదా."

"నాకు చెప్పలేదు" అని గట్టు మీద కూలబడింది.

కార్బన్ ఫైబర్‌లో కరెంటు పారుతుంది. ఇంచుమించు రేకు డబ్బాలాగే రేడియో తరంగాలను ఆపేస్తుంది. లోపలున్న యాంటెన్నాని చేతులారా డబ్బాలో పెట్టి మూత బిగించేశాం. అది బలంగా, తేలికగా ఉంటుందని మెకానికల్ పుస్తకంలో ఉంది. కరెంటు పారే వస్తువు తరంగాలను అడ్డుకుంటుందని ఈసీఈ పుస్తకంలో ఉంది. రెండు పుస్తకాలూ ఒకే హాస్టల్ గదిలో, పక్కపక్క మంచాల మీద ఉన్నాయి.

మరుసటి ఆదివారం కాకినాడ ఫిషింగ్ హార్బర్ దగ్గర ఫైబర్ బోట్లు బాగుచేసే మేస్త్రిని వెతుక్కుంటూ వెళ్లాం. ఆయన వాడే గ్లాస్ ఫైబర్‌లో కరెంటు పారదు, తరంగాలు దాంట్లోంచి ఇట్టే వెళ్లిపోతాయి. విమానం ముక్కులో రాడార్ ఉండే చోట పెట్టేది కూడా ఎక్కువగా గ్లాస్ ఫైబరే. డబ్బాకి ఒకవైపు కిటికీలా కోసి ఆ ముక్క అతికించాం. సిగ్నల్ చివరిదాకా వచ్చింది.

ఇదేదో పిల్లల పొరపాటు అనుకోకండి. 2022 ఆగస్టు 7న శ్రీహరికోట నుంచి ఇస్రో కొత్త రాకెట్ ఎస్‌ఎస్‌ఎల్‌వీ మొదటిసారి ఎగిరింది. అందులో 75 ప్రభుత్వ పాఠశాలల నుంచి 750 మంది అమ్మాయిలు పాలుపంచుకున్న ఆజాదీశాట్ అనే చిన్న ఉపగ్రహం ఉంది. రెండో దశ విడిపోయేటప్పుడు వచ్చిన అదురుకి, వేగంలో మార్పును కొలిచే యాక్సిలరోమీటర్ల రీడింగులు కాసేపు హద్దు దాటాయి. సెన్సార్లు చెడిపోయాయని సాఫ్ట్‌వేర్ నిర్ణయించేసింది. నిజానికి అవి బాగానే ఉన్నాయి. చివరికి ఉపగ్రహాలు 356 కిలోమీటర్ల వృత్తాకార కక్ష్యకు బదులు ఒకవైపు 356, ఇంకోవైపు 76 కిలోమీటర్ల ఎత్తే ఉండే కక్ష్యలో పడి నిలవలేకపోయాయి. అదురు ఒక విభాగం లెక్క, దాన్ని తట్టుకోవాల్సిన లాజిక్ ఇంకో విభాగం లెక్క. విడిపోయే పద్ధతినీ, ఆ లాజిక్‌నీ రెండింటినీ మార్చాక 2023 ఫిబ్రవరి 10న రాకెట్ విజయవంతమైంది. ఆజాదీశాట్-2 కూడా అందులోనే వెళ్లింది. నా నమ్మకం ఏంటంటే, అంతరిక్ష రంగంలో పెద్ద సమస్యలన్నీ రెండు బ్రాంచీల మధ్య గట్టు మీదే ఉంటాయి. ఒక్క బ్రాంచిలో కూర్చుని చదివితే అవి కంటికి కనపడవు.

కానీ కాలేజీలు దీన్ని ఎంత కష్టం చేస్తాయో చెప్పకుండా ఉండలేను. మాకు మార్కులు ఏ బ్రాంచికి ఆ బ్రాంచే వేశారు. ఒకే ప్రాజెక్టుకి నాలుగు పేర్లతో నాలుగు రిపోర్టులు రాశాం. వైవాలో "ఇందులో సీఎస్‌ఈ ఎక్కడుంది?" అని నన్ను అడిగారు. ల్యాబ్ సాయంత్రం నాలుగున్నరకి తాళం. అమ్మాయిల హాస్టల్‌కి ఆరున్నరకల్లా చేరాలి, అబ్బాయిలకి అడిగేవాడే లేడు. మేము డబ్బా గురించి మాట్లాడుకున్నవన్నీ రాత్రి తొమ్మిది తర్వాత టీకొట్టు దగ్గరే. ఆ అమ్మాయి అక్కడ ఉండి ఉంటే కార్బన్ ఫైబర్ అన్న మాట మొదటిరోజే ఆమె చెవిన పడేది. ఈ విషయం తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

డబ్బులూ, పెద్ద పేరూ ఉన్న కాలేజీలకే ఇవన్నీ సాధ్యమంటారు కొందరు. 2010 జులై 12న ఇస్రో రాకెట్ పీఎస్‌ఎల్‌వీ-సీ15లో వెళ్లిన స్టడ్‌శాట్ అనే ఉపగ్రహాన్ని చేసింది హైదరాబాద్, బెంగళూరులకు చెందిన ఏడు కాలేజీల విద్యార్థులు. బరువు కిలో కంటే తక్కువ. ఏడు కాలేజీలు కలవగలిగినప్పుడు ఒకే కాలేజీలో నాలుగు బ్రాంచీలు కలవలేవా?

ఇక సివిల్ వాళ్లకు పనేముంటుంది అన్నారు. ఆ రోజు రైతు డబ్బాని చేతిలో తిప్పి చూసి "దీనివల్ల మా చేనుకేంటి?" అని అడిగాడు. ఏడుగురిలో ఒక్కరం కూడా జవాబు చెప్పలేకపోయాం. ఆ జవాబు మీ దగ్గర ఉంటుంది. సర్వేయింగ్, రిమోట్ సెన్సింగ్ (పైనుంచి తీసిన చిత్రాలతో నేలను పరిశీలించడం) చదివేది మీరే. కన్యాకుమారి జిల్లాలోని నూరుల్ ఇస్లాం యూనివర్సిటీ వాళ్ల ఉపగ్రహం నియుశాట్ 2017 జూన్‌లో పీఎస్‌ఎల్‌వీ-సీ38లో వెళ్లింది. 15 కిలోల ఆ ఉపగ్రహం పని పంటల్ని గమనించడం, విపత్తులప్పుడు చిత్రాలు తీయడం. ఏ చిత్రం ఎవరికి కావాలి, ఎన్ని మీటర్ల స్పష్టత ఉంటే గట్టు కనపడుతుంది అని టీమ్‌లో అడగాల్సింది మీరే.

చేరిన రోజే గోడకి ఒక చార్ట్ అంటించండి. ఎవరు ఏ స్క్రూ మార్చినా, ఏ మెటీరియల్ మార్చినా అందులో రాయాలి, మిగతా బ్రాంచీల వాళ్లు చదివి సంతకం పెట్టాలి. టేబుల్ మీద మూత తీసి చేసిన టెస్టుని లెక్కలోకి తీసుకోకండి. మూత బిగించి, డబ్బా ఒకరి చేతికిచ్చి, కనీసం రెండు వందల మీటర్లు నడిచి వెళ్లమనండి.